మా తమ్ముడి పేరు ఒరోంచో

ఆగస్టు చివరి శనివారాల్లో, షికాగో దగ్గర నేనుండే నేపర్‌విల్‌లో రైల్వే స్టేషన్ పక్కన రైతులు పెట్టే అంగట్లో, ఎవరూ కొనక మిగిలిపోయిన పండు టమాటాల పెట్టె ఒకటి ఎండకి మెత్తబడి, తొడిమల దగ్గర చిట్లి, పులుపూ పచ్చి ఆకూ మట్టీ కలిసిన ఒక వాసన వేస్తుంది. ఆ వాసన దగ్గర నేను ప్రతి ఏడూ ఆగుతాను. వెనకున్నవాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోతారు, వెళ్ళనీ. ఆ పెట్టె ముందు నిలబడితే నాకు ఎనిమిదేళ్ళు, మా నాయనమ్మ పక్కనే నేలమాళిగ మెట్లు దిగుతూ ఉంటుంది, కింద చేతిమర తిప్పుతూ ఒక ముసలాయన ఏదో పాడుతూ ఉంటాడు.

ఆయన పేరు ఒరోంచో. చోటు, చోద్యం అన్నప్పుడు మనం పలికే చో. ఇటలీ దక్షిణాన ఉన్న లెచ్చే అనే ఊరి చుట్టుపక్కల తప్ప మిగతా దేశంలో చాలా అరుదుగా వినపడే పేరు. ఆ పేరే ఇప్పుడు మా తమ్ముడిది. తెనాలి దగ్గర పల్లెటూరి మూలాలున్న మా ఇంట్లోకి ఆ పేరు ఎలా వచ్చిందని మా బంధువులు నలభై ఏళ్ళుగా అడుగుతున్నారు. తెచ్చింది నేనే.

మాది ఒకప్పుడు పేరున్న ఇల్లు. మా తాత వెంకట రాఘవయ్యగారు (మనవరాలిని కాబట్టి ఆ పేరు నేను రాయగలను) రెండు రైసుమిల్లులకీ, కాలవ గట్టు పొడుగునా మాగాణికీ వారసుడిగా పుట్టి, అవేవీ లేకుండా పోయారు. ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోయినవాటిని నెమరేసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. మిగిలినవి రెండు: ఒక వెండి గ్లాసు, వంగని నాయనమ్మ నడుము. నాన్నకి షికాగోకి పడమరనున్న ఒక చిన్న ఊళ్ళో యంత్రాలు బిగించే కంపెనీలో ఉద్యోగం దొరికితే, ఆ రెంటితోపాటు అమ్మనీ నన్నూ తీసుకుని వచ్చాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు.

మేం అద్దెకి దిగింది ఇటాలియన్ల వీధిలో, ఒక ఎర్ర ఇటుకల ఇంటి పై అంతస్తులో. కింద అంతస్తులో ఇంటి యజమాని ఒరోంచో ఒక్కడే ఉండేవాడు. భార్య పోయింది, కొడుకు పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉన్నాడు. దిగిన రెండోరోజే ఆయన మెట్ల మొదట్లో నిలబడి, కాఫీకి రమ్మని నాయనమ్మని చేత్తో సైగ చేసి పిలిచాడు. నాయనమ్మ తలుపు వేసేసింది. మా ఇంటి పద్ధతి అది: మొదటి పిలుపు మర్యాదకి, రెండో పిలుపు మనసుకి, రెండోసారి పిలిస్తేనే వెళ్ళాలి. మర్నాడు ఆయన మళ్ళీ పిలిచాడు. నాయనమ్మ చీర సర్దుకుని, నన్ను చెయ్యి పట్టుకుని కిందకి దిగింది. విధవరాలు పరాయి మగాడి ఇంటికి ఒంటరిగా వెళ్ళదు కదా, అందుకని నేను ఎప్పుడూ వెంట ఉండాల్సిందే. అలా నేను వాళ్ళిద్దరికీ మధ్య మాటల మనిషినయ్యాను. ఆయనకి ముక్కలు ముక్కల ఇంగ్లీషు, నాయనమ్మకి నికార్సయిన తెలుగు, నాకు బళ్ళో నేర్చుకుంటున్న ఇంగ్లీషు.

ఆగస్టు నెలాఖరుకి ఆ వీధిలో ప్రతి ఇంటి నేలమాళిగా వంటిల్లయ్యేది. బుట్టల కొద్దీ టమాటాలు పాత దుప్పట్ల మీద పరిచి, నీళ్ళు కాగబెట్టి, పండ్లు ముంచి తీసి, చేతిమరలో వేసి తిప్పితే తొక్కా గింజా ఒక పక్కకీ చిక్కటి ఎర్ర గుజ్జు ఇంకో పక్కకీ జారేది. ఆ గుజ్జుని సీసాల్లో పోసి, ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క పచ్చని ఆకు వేసి మూతలు బిగించేవాళ్ళు. ఆ ఆకు వాసన చూసి నాయనమ్మ ఉలిక్కిపడి కళ్ళకద్దుకుంది.

"తులసిని పచ్చట్లో వేస్తారుటే వీళ్ళు? కడుగు చెయ్యి, అడుగు ఆయన్ని."

అడిగాను. అది పూజ చేసే మొక్క కాదనీ, వంటాకనీ, అయినా మీకు దేవుడైతే మీ సీసాల్లో వెయ్యననీ ఆయన అన్నాడు. ఆ ఏడు మా వాటా సీసాలు పన్నెండూ ఆకు లేకుండానే వచ్చాయి. బదులుగా నాయనమ్మ ఆయన పెరట్లో కాసిన ఎర్ర మిరపకాయల్తో పండుమిరప పచ్చడి నూరి పంపింది. ఆయన అది రొట్టె మీద రాసుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పైకి చూసి చేత్తో దండం పెట్టాడు. నవంబరులో ఆయన తన అంజూరపు చెట్టుకి ఒక పక్క వేళ్ళు తెగ్గొట్టి, మెల్లగా నేలమీదకి వంచి, పాత బొంతలు కప్పి, పైన పలకలు పరిచి, మట్టి పోసి పూడ్చేవాడు. చలి చంపేయకుండా చెట్టుని దాచడం అది. కిటికీలోంచి చూసి నాయనమ్మ, "పాతిపెట్టి బతికించడం ఇదే చూడటం" అనేది. ఏప్రిల్లో ఆయన దాన్ని తవ్వి నిలబెట్టేదాకా ఆవిడ నమ్మలేదు.

ఆ నేలమాళిగ గోడకి ఒక గూడు ఉండేది. అందులో మూరెడు ఎత్తు సున్నపు బొమ్మ: తల మీద కోసుగా టోపీ, రెండు వేళ్ళు పైకెత్తి దీవిస్తున్న చెయ్యి. అది ఎవరని నాయనమ్మ అడిగించింది.

ఒరోంచో మర ఆపి, చేతులు తుడుచుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పేవాడిలా నిలబడ్డాడు. బొమ్మలో ఉన్నాయన వాళ్ళ ఊళ్ళని కాసే సాధువు, లెచ్చేకి మొట్టమొదటి బిషప్పట. ఒకప్పుడు మహమ్మారి వచ్చి చుట్టూ ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతుంటే తన జనాన్ని కాపాడాడట. అందుకని ఒక ఎత్తయిన స్తంభం మీద ఆయన విగ్రహం నిలబెట్టి, ఏటా ఆగస్టు చివర మూడు రోజులు పండగ చేస్తారట. వీధుల మీద రంగు దీపాల తోరణాలు, బాజాలు, ఉప్పునీళ్ళలో నానేసిన గింజలు తొక్క ఊడదీసి నోట్లో వేసుకుంటూ తిరిగే పిల్లలు, రాళ్ళ వేడి తగ్గేదాకా గుమ్మాల్లో కూర్చునే ముసలమ్మలు. ఆ సాధువు పేరే ఒరోంచో. ఇక ఆ పేరు పెట్టుకోని ఇల్లు ఉంటుందా? పైగా వాళ్ళలో ఏ కొడుకైనా తనకి పుట్టిన మొదటి మగబిడ్డకి తన తండ్రి పేరే పెట్టాలి. ఒక తాతకి అయిదుగురు కొడుకులుంటే అయిదు ఇళ్ళల్లోనూ అదే పేరు.

"మా వీధిలో నిలబడి ఒరోంచో అని కేకేస్తే కిటికీకొక తలకాయ బయటకొస్తుంది" అన్నాడు. "అందుకని కుంటి ఒరోంచో, రొట్టెల ఒరోంచో, ఎర్ర ఒరోంచో. నేను చెవుల ఒరోంచోని." టోపీ తీసి చూపించాడు. చెవులు నిజంగానే పెద్దవి.

నేను తెలుగులో చెప్పేసరికి నాయనమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం అరుదు. "చెప్పు ఆయనకి. మా ఊళ్ళో వెంకటేశ్వర్లు అంటే అంతేనని. పొట్టి వెంకటేశ్వర్లు, గేదెల వెంకటేశ్వర్లు, గోడ దూకిన వెంకటేశ్వర్లు."

గోడ ఎందుకు దూకాడని ఆయన అడిగాడు. నాయనమ్మ చెప్పలేదు.

ఆ పేరు ఎక్కణ్ణుంచి పుట్టిందో నేను పెద్దయ్యాక చదివాను. సిరియాలో ఒరోంటెస్ అనే నది ఉంది, దాన్నుంచి అని కొందరంటారు. కాదు, అది లాటిన్ కన్నా పాత భాషలోని మాట అని ఇంకొందరంటారు. ఉత్తరాది ఇటాలియన్లకి అది వినగానే నవ్వొచ్చే పల్లెటూరి పేరట. సముద్రం దాటాక అది బతకలేకపోయింది. అమెరికాలో దిగిన ఒరోంచోలు హ్యారీలయ్యారు, రానీలయ్యారు. మా ఒరోంచోని కూడా ఫ్యాక్టరీలో రాన్ అని పిలిచేవారట. ఆయన ఆ పిలుపుకి తిరిగి చూసేవాడు కాదట. దగ్గరకొచ్చి సరైన పేరు పెట్టి పిలిచేదాకా చేస్తున్న పని చేస్తూనే ఉండేవాడట. ఆ సంగతి విన్నాక నాయనమ్మ ఆయన గురించి ఇంట్లో 'కిందాయన' అనడం మానేసి 'పెద్దమనిషి' అనడం మొదలుపెట్టింది.

ఇక మా పద్ధతి చెప్పాలి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరూ మామగారి పేరూ నోటితో అనరు. రేషన్ కార్డు ఆఫీసులో భర్త పేరేమిటని అడిగితే నాయనమ్మ నన్ను ముందుకి తోసేది, నేను చెప్పేదాన్ని. పుట్టిన మనవడికి తాత పేరు పెట్టడం మాకూ ఉంది. కానీ ఆ పిల్లాణ్ణి తల్లి ఆ పేరుతో పిలవకూడదు. 'అబ్బాయీ' అనో, 'పెద్దయ్యా' అనో ఏదో ఒకటి కల్పించుకుని జన్మంతా దానితోనే లాగించాలి. అమ్మకి నెల తప్పిందని తెలిసిన రోజునే నాయనమ్మ తీర్మానించేసింది: మగపిల్లాడైతే తాత పేరే. పోయిన ఇంటికి నిలిచేది అదొక్కటే అని ఆవిడ నమ్మకం. అమ్మ తల ఊపింది. మా అమ్మ తల ఊపడంలో ఎన్ని అర్థాలుంటాయో అప్పట్లో నాకు తెలియదు.

ఆ శరత్కాలంలోనే ఒరోంచో కొడుక్కి మగపిల్లాడు పుట్టాడు. మొదటి కొడుక్కి మొదటి కొడుకు. బాప్తిస్మం రోజు ఆయన నల్ల సూటు వేసుకుని, చెవుల మీద జుట్టు దువ్వుకుని, మెట్లమీంచి మాకు కనపడేలా ఒకసారి చుట్టూ తిరిగి చూపించి మరీ వెళ్ళాడు. మధ్యాహ్నానికే వచ్చేశాడు. నేలమాళిగలో చప్పుడు విని మేం దిగాం. ఆయన సూటు విప్పకుండా స్టూలు మీద కూర్చుని, నిండిన సీసాల మీద దుమ్ము తుడుస్తున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఏమైందో అడగవే" అంది నాయనమ్మ.

అడిగాను. పిల్లాడికి బ్రాండన్ అని పెట్టారట. ఒరోంచో అంటే బళ్ళో ఏడిపిస్తారని కోడలు అందట. కొడుకు నేల చూపులు చూశాడట. "సరే, మంచి పేరే. పలకడం సులువు" అని ఆయన నాతో ఇంగ్లీషులో అని, ఆ తరవాత తన భాషలో ఏదో గొణిగాడు. అది ఏమిటని నాయనమ్మ అడగలేదు. పైకి వెళ్ళి కాఫీ కలిపి, మా వెండి గ్లాసులో పోసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆ గ్లాసులో తాతయ్య తరవాత ఎవరూ తాగలేదు. నాన్న కూడా.

జనవరిలో మా తమ్ముడు పుట్టాడు. నాన్న పక్క రాష్ట్రంలో ఏదో మిల్లులో యంత్రాలు బిగించడానికి వెళ్ళి మంచుకి దారులు మూసుకుపోయి ఇరుక్కున్నాడు. పొద్దున్నే అమ్మకి నొప్పులు మొదలైతే ఒరోంచో తన పడవలాంటి కారుకి చక్రాలకి గొలుసులు చుట్టి మమ్మల్నందర్నీ ఆస్పత్రికి చేర్చాడు. మధ్యాహ్నానికల్లా పిల్లాడు బయటపడ్డాడు. రెండోరోజు పదిగంటల వేళ, నీలం స్వెట్టర్ వేసుకున్న గుమాస్తా ఆవిడ ఒక కాగితం పట్టుకుని గదిలోకొచ్చింది. జననపత్రానికి పిల్లాడి పేరు కావాలంది. మంచం మీద అమ్మ. కిటికీ పక్క కుర్చీలో నాయనమ్మ, నిటారుగా. తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని ఒరోంచో. మధ్యలో తొమ్మిదేళ్ళు నిండని నేను.

అమ్మ నాయనమ్మ వైపు చూసింది. మామగారి పేరు ఆవిడ అనలేదు. నాయనమ్మ నా వైపు చూసింది. మొగుడి పేరు ఆవిడా అనలేదు.

"తాత పేరేనని చెప్పవే. ఇంకేం పేరుంటుంది" అంది నాయనమ్మ.

నేను ఇంగ్లీషులో అదే చెప్పాను: గ్రాండ్‌ఫాదర్ పేరు. గుమాస్తా ఆవిడ నవ్వుతూ, గదిలో ఉన్న ఒక్క ముసలాయన వైపు తిరిగింది. "అయితే చెప్పండి తాతగారూ, అక్షరం అక్షరం."

ఒరోంచో కదల్లేదు. టోపీని గుండెకి ఆనించుకుని, వంగి, నన్నే అడిగాడు. "నాదా?"

కాదని ఒక్క మాట అంటే చాలు. తాతయ్య పేరు నాకు వచ్చు, అక్షరాలు వచ్చు, చెప్పడం నా పనే. నేను ఆయన మొహం చూశాను. మా ఇంటికి పెద్దబిడ్డని నేను. అవునని తల ఊపాను.

ఆయన ఒక్కొక్క అక్షరం చెబుతుంటే నాయనమ్మకి ఏమీ తెలియలేదు, ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. చివర్లో ఆయన పేరంతా కలిపి పైకి పలికాడు. అప్పుడు తెలిసింది. ఆవిడ నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. కాగితం అమ్మ చేతికి వెళ్ళింది, సంతకం పడింది. ఒరోంచో గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

నాన్న మూడో రోజుకి వచ్చాడు. ఇంటికొచ్చాక కాగితం చదివి, మళ్ళీ చదివి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"నీ కూతుర్ని అడుగు" అంది నాయనమ్మ.

"తాతయ్య పేరు నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"ఆయన నాదా అని అడిగాడు. అవునన్నాను."

నాన్న కాగితం బల్ల మీద పెట్టాడు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గేది. "ఇదేం పెద్ద పని కాదు. అర్జీ పెట్టుకుంటే మారుస్తారు."

"మార్పించు" అంది నాయనమ్మ. "మార్పించి, కిందకెళ్ళి ఆ మాట పెద్దమనిషికి నువ్వే చెప్పిరా. ఇచ్చింది వెనక్కి పుచ్చుకోవడం నాకు చేతకాదు. మీ నాన్నగారికీ చేతకాలేదు."

నాన్న కిందకి వెళ్ళాడు. గంటసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో రెండు టమాటా సీసాలున్నాయి, నోట్లోంచి ద్రాక్షసారా వాసన వస్తోంది. "తరవాత చూద్దాం" అని పడుకున్నాడు. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆస్పత్రిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి నలభై ఏళ్ళు కాపురం చేసిన భర్త పేరుని వదులుకుందని నాకు అప్పుడు తెలియదు. మా తమ్ముడి తరవాత మాకు మగపిల్లలు లేరు. వెంకట రాఘవయ్య అనే పేరు మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. దానికి కారణం నేనే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మిల్లులు పోయిన ఇల్లు, మేడ పోయిన ఇల్లు, ఎవరికైనా ఏదైనా ఇవ్వగలిగిన రోజు అదొక్కటే నేను చూశాను. మళ్ళీ ఆ గదిలో నిలబెట్టి అడిగినా అలాగే తల ఊపుతాను.

మరుసటి ఏడు ఎండలు వచ్చాక, తమ్ముడు నడక నేర్చి వీధిలోకి పారిపోవడం మొదలుపెట్టాక, ఒక వింత జరిగింది. మొగుణ్ణి 'ఏమండీ' అనీ, అత్తగార్ని 'అత్తయ్యగారూ' అనీ తప్ప గొంతెత్తి ఎవర్నీ పిలిచి ఎరగని మా అమ్మ, మేడ వసారాలో నిలబడి వీధి చివరిదాకా వినపడేలా పిలిచేది: "ఒరోంచో! ఒరేయ్ ఒరోంచో!" ఇటు తమ్ముడూ, అటు పెరట్లో అంజూరపు చెట్టు కింద ముసలాయనా ఇద్దరూ పలికేవాళ్ళు. వీధిలో ఇటాలియన్ ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్ళు. చీర కట్టుకున్న మనిషి నోట ఆ పేరు సాక్షాత్తూ వాళ్ళ ఊళ్ళో పలికినట్టే పలుకుతోందని ఒరోంచో అందరికీ చెప్పుకునేవాడు.

ఆ తరవాత చాలా ఏళ్ళకి, నాకు పెళ్ళయ్యాక, బెండకాయలు తరుగుతూ అమ్మని అడిగాను. ఆ రోజు ఆస్పత్రిలో నీకు తెలుసా అని.

"సంతకం పెట్టేముందు చదవనా? టెన్త్ పాసయ్యాను."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"మామగారి పేరు పెట్టుకుంటే వాణ్ణి నేను ఏమని పిలవనే? నవమాసాలు మోసి, జన్మంతా 'ఒరేయ్' అనా?" బెండకాయల వైపే చూస్తూ నవ్వింది. "నువ్వు అవునన్నావు చూడు, నాకు ప్రాణం లేచొచ్చింది."

ఆ ఎర్ర ఇటుకల ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట కార్లు నిలుపుకునే ఖాళీ స్థలం ఉంది. ఆ వీధిలో ఆగస్టు పండగకి సాధువు బొమ్మని భుజాల మీద మోసినవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలు ఇంకా పడమరకి వెళ్ళిపోయారు, నేలమాళిగల్లో ఇప్పుడు వంట లేదు, టీవీలు ఉన్నాయి. నాయనమ్మ పోయి పాతికేళ్ళు. ఒరోంచో ఆవిడ కన్నా రెండేళ్ళ ముందు పోయాడు. దేశంలో పుట్టిన పిల్లల పేర్లు ఏడాదివారీగా ప్రభుత్వం పెట్టే జాబితాలో అయిదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరు కనపడదు. తమ్ముడు పుట్టిన ఏడాది జాబితాలో నేను వెతికితే ఆ పేరు కనపడలేదు. నేపర్‌విల్‌లో నా స్నేహితురాళ్ళు మొగుళ్ళని రమేష్, కిరణ్ అని ఫ్రీగా పిలుస్తారు, మామగార్ల పేర్లు ఫోన్లో స్పెల్లింగుతో సహా చెబుతారు. మంచిదే. పలకడానికి వీల్లేనంత పెద్ద పేరు ఇప్పుడు ఎవరికీ లేదు.

తమ్ముడు చాండ్లర్ అనే ఊళ్ళో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆఫీస్‌లో వాణ్ణి 'ఓ' అంటారు, వాళ్ళావిడ 'రోన్' అంటుంది. వాడు దేనికైనా పలుకుతాడు, ఆ విషయంలో వాడు ముసలాయనలాంటివాడు కాదు. వాడికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది మొన్న నన్నడిగింది, "అత్తా, డాడీ పేరు మన పేరు కాదు కదా, వాటీజ్ ఇట్?" అని. మన పేరే, అని చెప్పాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. పోయిన వారం తమ్ముడు పిల్లల్తో వచ్చాడు. పైగదిలో పిల్లలు అరుస్తున్నారు, వాడు ఫోన్లో ఎవరితోనో ఆఫీస్ పని మాట్లాడుతున్నాడు. అన్నం చల్లారిపోతోందని అమ్మ మెట్ల మొదట్లో నిలబడి, కొంగు నడుముకి దోపి, తల పైకెత్తి ఒక్కసారి పిలిచింది. ఇప్పుడు ఈ దేశంలో ఆ పేరుని అలా పూర్తిగా పిలిచే గొంతు నాకు తెలిసి అదొక్కటే. పైన ఫోను మాట ఆగిపోయింది.

"వస్తున్నానమ్మా" అన్నాడు వాడు.